ఆకలి తీఱినను ఆగని తిండి

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి మన దేశమున వస్తుసేవల పన్ను రేట్లు మాఱినవి. ప్రజల భారమును దగ్గించు నుద్దేశముతో జరిగిన యీ మార్పు మొత్తముమీద హర్షింపదగినదే. దీర్ఘకాలము నిలువయుండు పాలు, పన్నీరు, రొట్టెలు మున్నగువానిపై పన్ను పూర్తిగా దీసివేయుట గృహస్థునకు మేలు. కాని యా పట్టికలోనే బిస్కత్తులు, చాకొలెట్లు, ఐసుక్రీములు, నూడిల్సు, పొట్లములలో నమ్ము కారపు తినుబండారములు గూడ జేరినవి. నూటికి 12 లేక 18 చొప్పున నుండిన వీని పన్ను 5 కు దిగినది. తీపి చేర్చిన గ్యాసు పానీయములు మాత్రము 40 వంతుల పన్నులో నిలిచినవి. అదే సంవత్సరము జనవరి 31వ తేదీన పార్లమెంటు ముందుంచబడిన ఆర్థిక సర్వేక్షణ యిట్టి తిండిపై హెచ్చు పన్ను విధించు విషయ మాలోచింపదగినదని సూచించియుండెను. ఒకే ప్రభుత్వము, ఒకే సంవత్సరము. జనవరిలో జెప్పినది యొకటి, సెప్టెంబరులో జేసినది వేఱొకటి. ఈ వైరుధ్యమునకు మూలమేమి? ఏది యాహారము, ఏది యాహారపు రూపున నమ్మబడు సరకు అను ప్రశ్నకు మన పాలకు లింకను సమాధానము నిశ్చయించుకొనకపోవుటయే.

యంత్రము తాకిన ప్రతి తిండిని దూషించుట మా యభిమతము కాదు. వడ్లు దంచుట, పాలు తోడుపెట్టుట, గానుగాడుట, ఊఱగాయ పెట్టుట, ఇవన్నియు సంస్కారములే. బ్రెజిలు దేశమున సావోపాలో విశ్వవిద్యాలయాచార్యుడగు కార్లోస్ మొంతేరో 2009లో ఆహారమును, దానికి జరిగిన సంస్కారమును బట్టి విభజించు పద్ధతి నొకదానిని బ్రతిపాదించెను. దానికి నోవా యని పేరు. అందు మొదటిది ధాన్యము, కాయగూర, పాలు, గ్రుడ్లు మున్నగు సహజాహారము. రెండవది నూనె, ఉప్పు, చక్కెర వంటి వంటదినుసులు. మూడవది యా రెండింటిని గలిపి చేసిన సాధారణ పదార్థములు. నాలుగవది అల్ట్రాప్రాసెస్డు అని వైద్యులు వ్యవహరించునది. దీనియందు ధాన్యము ధాన్యముగ, పండు పండుగ నుండదు. పిండిపదార్థమును, మాంసకృత్తును, నూనెను విడదీసి, మార్పుచేసి, రంగును, వాసనను, కలిసియుండుటకు వలసిన రసాయనములను జేర్చి క్రొత్త వస్తువును గట్టుదురు. మన వంటింట నెన్నడును గానరాని పేళ్లు పొట్లము వెనుక వరుసగ నున్నచో నది నాలుగవ తరగతిదని గుర్తింపవచ్చును. దీనిని మన మిచ్చట కర్మాగారాహార మందము. ఈ తరగతి హద్దులను గుఱించి శాస్త్రజ్ఞులలో వాదములున్నవి. దానియందలి వస్తువులన్నియు నొకే పాటి హానికరములు కావనియు గొందఱందురు. ఆ మాట యొప్పుకొనియే మనము ముందునకు బోవచ్చును.

ఈ తిండికిని అతిభోజనమునకును గల సంబంధ మూహామాత్రము కాదు. అమెరికాలో బెథెస్డా పట్టణమందలి జాతీయారోగ్యసంస్థలో కెవిన్ హాల్ అను పరిశోధకుడు తన సహచరులతో గూడి జరిపి, 2019లో బ్రకటించిన పరీక్ష యిందుకు ముఖ్యప్రమాణము. ఇరువదిమంది వయోజనులను నాలుగు వారములు సంస్థయందే యుంచి, రెండు వారములు కర్మాగారాహారమును, రెండు వారములు సహజాహారమును బెట్టిరి. వడ్డించిన శక్తి, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు, మాంసకృత్తులు రెండింటను సమానముగ నుండునట్లు జూచిరి. ఇష్టమున్నంత తిని, చాలినప్పుడు మానవచ్చుననిరి. కర్మాగారాహారపు దినములలో నొక్కొక్కరు సగటున దినమునకు సుమారు 500 కెలోరీలు హెచ్చుగ దినిరి. అది యించుమించు నాలుగు వందల గ్రాముల వండిన యన్నమున నుండు శక్తి. రెండు వారములలో వారి బరువు సుమారు 0.9 కిలోగ్రాము పెరిగెను. సహజాహారము తినిన రెండు వారములలో నంతయే తగ్గెను.

ఇందొక విశేషము గలదు. రెండు భోజనములును తమకు దాదాపు సమానముగనే రుచించినవని వారు చెప్పిరి. కావున జిహ్వచాపల్యముచే దినిరనుటకు వీలు లేదు. కర్మాగారాహారమును వారు త్వరత్వరగ దినిరని మాత్రము తేలెను. పరీక్ష చిన్నది, కాలము స్వల్పము అను నాక్షేపణ సమంజసమే. కాని 2025లో లండను యూనివర్సిటీ కాలేజీవారు 55 మందితో జరిపిన పరీక్షయు నీ దిక్కునే చూపినది. అచ్చట రెండు విధముల భోజనములును ప్రభుత్వారోగ్యసూత్రములకు లోబడినవే. ఒక్కొక్కటి యెనిమిది వారములు సాగెను. రెండింటను బరువు తగ్గినను, సహజాహారమున దగ్గినది కర్మాగారాహారమున దగ్గినదానికి సుమారు రెండింతలు. లెక్కకు సమానమైన పోషకములున్నంతమాత్రమున రెండు తిండ్లును శరీరమునకు సమానములు కావని దీనివలన దెలియుచున్నది.

కారణము శరీరధర్మమునందే యున్నది. కడుపు నిండినదను వార్త మెదడునకు జేరుటకు గొంత కాలము పట్టును. నమలవలసిన తిండి యా కాలము నిచ్చును. జొన్నరొట్టెకు, ఉడికిన సెనగలకు, జామపండునకు దంతములు పనిచేయవలెను. పిండిని వేడిమితోను ఒత్తిడితోను ఉబ్బించి నూనె పట్టించిన తినుబండారము నోట బెట్టగనే కరగిపోవును. వార్త చేరులోపల పొట్లము ఖాళీ యగును. రెండవది, చెడకుండ నిలువయుండుటకై యీ తిండిలో నీరు చాలవఱకు దీసివేయుదురు. అందుచే గుప్పెడు తిండిలో కంచెడు భోజనపు శక్తి యిముడును. కడుపు మాత్రము నిండదు. మూడవది, కొవ్వుతో చక్కెరను, కొవ్వుతో నుప్పును మేళవించుట. ప్రకృతియందు నిట్టి కలయిక యరుదు. చెఱుకులో గొవ్వు లేదు, నువ్వులలో దీపి లేదు. పాలయందు మాత్రము తీపియు గొవ్వును గలిసియున్నవి. అది పెరుగవలసిన శిశువునకు బ్రకృతి యేర్పఱచిన యాహారము. నాలుగవది, ద్రవరూపమున లోపలికి బోవు చక్కెర. ఒక సీసా తీపి పానీయము త్రాగినవాడు దానికి దగినట్లు అన్నము తగ్గించి తినడు.

ఇవన్నియు యాదృచ్ఛికముగ గలిగినవని తలంపరాదు. హార్వర్డులో మనస్తత్త్వశాస్త్ర మభ్యసించిన హవర్డు మాస్కోవిట్జు అమెరికా కంపెనీలకు సలహాదారుడై, ఒక్కొక్క పదార్థమున జక్కెర యెంత యున్నచో జనుల కత్యంతప్రీతికర మగునో గణితముచే నిర్ణయించి యిచ్చెను. దానికి ఆనందబిందు వను పేరు వాడుకలోనికి వచ్చెను. 1999 ఏప్రిలు 8వ తేదీన మినియాపోలిస్ నగరమున నా దేశపు ప్రధానాహార కంపెనీల యధిపతులు రహస్యముగ సమావేశమైరి. ప్రజల స్థూలకాయమునకు దమ బాధ్యతయు గలదని యొప్పుకొని మార్గము మార్చుకొనవలెనని క్రాఫ్టు కంపెనీ యుపాధ్యక్షు డొకడు వారికి విన్నవించెను; పొగాకు కంపెనీలకు బట్టిన గతినిగూడ జూపెను. సభ యే నిర్ణయమును జేయక ముగిసెను. ఈ వృత్తాంతమును మైకేల్ మాస్ అను పత్రికారచయిత 2013లో బ్రకటించిన గ్రంథమున వెల్లడించినాడు. పొగాకు ప్రసంగ మిచ్చట నూరక రాలేదు. సిగరెట్ల కంపెనీయైన ఫిలిప్ మారిస్ 1985లో జనరల్ ఫుడ్సును, 1988లో క్రాఫ్టును గొనెను. ఆర్. జె. రెనాల్డ్సు 1985లో నబిస్కోతో గలిసెను. ఆ బంధములు తరువాత తెగినవి. కాని వ్యసనమును వస్తువుగ జేసి యమ్మ నేర్చిన చేతులు కొంతకాల మమెరికా ప్రజల వంటింటిని నడపినవనుట చరిత్ర.

దీనియందలి యర్థశాస్త్రము సులభగ్రాహ్యము. మనుష్యుని కడుపునకు హద్దు గలదు. వాటాదారుల యాశకు హద్దు లేదు. ప్రతి సంవత్సరమును అమ్మకములు పెరిగితీరవలెను. జనసంఖ్య యా వేగమున బెరుగదు. కావున నొక్కొక్కనిచే హెచ్చుగ దినిపింపవలెను. భోజనమునకు భోజనమునకు నడుమ దినిపింపవలెను. ఇంతవఱకు దినని పల్లెవానిచే దినిపింపవలెను. ఐదు రూపాయల పొట్లము పుట్టిన దిందుకే. పట్టణపు విశాలవిపణిలో నుండు సరకే కొండదారిలోని పచారీకొట్టున దండలుగ వ్రేలాడుచున్నది. ధర మాఱదు, లోపలి తూకము మాత్రము క్రమముగ దగ్గును. ధర చిన్నది కనుక తల్లిదండ్రు లడ్డు చెప్పరు, పిల్లవాడు లెక్క పెట్టడు.

మన దేశపు లెక్కలు చూతము. ప్రపంచారోగ్యసంస్థ, ఇక్రియర్ అను పరిశోధనసంస్థయు గలిసి 2023లో బ్రకటించిన నివేదిక ప్రకారము, 2011 మొదలు 2021 వఱకు మన దేశమున నిట్టి తిండి యమ్మకముల విలువ సంవత్సరమునకు సగటున నూటికి 13.37 చొప్పున బెరిగినది. ధరల పెరుగుదలయు నిందు జేరియున్నను, పదేండ్లలో మూడున్నర రెట్లగుట సామాన్యము కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణ ప్రకారము, దేశమున స్త్రీలలో నూటికి 24 మంది యధికబరువు గలవారు. తెలంగాణమున నది 30.1, ఆంధ్రప్రదేశమున 36.3. భారత వైద్యపరిశోధనామండలివారు 2023లో బ్రకటించిన పరిశీలన దేశమున 10.1 కోట్ల మందికి మధుమేహ మున్నదనియు, మఱి 13.6 కోట్ల మంది దాని గుమ్మమున నున్నారనియు జెప్పుచున్నది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ 2024 మేలో వెలువరించిన యాహారసూత్రములలో, దేశపు మొత్తము రోగభారమున నూటికి 56.4 వంతులు అనుచితాహారమునకు సంబంధించినదని వ్రాసినది. అదే కాలమున నైదేండ్లలోపు బిడ్డలలో నూటికి 35.5 మంది వయస్సునకు దగిన యెత్తు లేనివారు. చాలినంత పుష్టి యందక కొందఱు, చాలినదని తెలియక కొందఱు చెడుచున్నారు. ఒక్కొక్కప్పు డీ యిరువురు నొకే యింట నున్నారు.

ఈ దోషమంతయు పొట్లములదే యనుట యతిశయోక్తి. మూడుపూటల తెల్లని మరబియ్యము, శరీరశ్రమ తగ్గుట, నిద్ర చాలకపోవుట, ఇవియు గారణములే. కాని మరబియ్యపు ప్రస్తావన వచ్చినది గనుక తెలుగువా రొక పూర్వచరిత్రను స్మరింపవలెను. గతశతాబ్దపు పూర్వార్ధమున ఉత్తరసర్కారుల తీరప్రాంతమున బెరిబెరి వ్యాధి విస్తారముగ నుండెను. ఉప్పుడు బియ్యము తినుచోట్ల నది యరుదు. పచ్చి వడ్లను మరలో బాలిషుపట్టి తినుచోట్ల నది ప్రబలెను. తవుడుతో బాటు ప్రాణాధారమైన విటమిను పోవుటయే కారణమని తేలెను. ఈ వ్యాధిని విచారించుటకే 1918లో గూనూరున రాబర్టు మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు వచ్చి నేటి జాతీయ పోషకాహారసంస్థ యైనది. 1934లో గాంధీమహాత్ముడు వార్ధాయందు గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి, కుమారప్ప సహాయమున దంపుడు బియ్యము, బెల్లము, గానుగనూనెల నుద్ధరింప బూనుకొనుటకు గారణము పాతవానిపై మోహము కాదు. తిండి మాఱినచో దేహము మాఱునను జ్ఞానము. ఆనాడు రోగిని జూచి నీ తిండిపోతుతనమే యిందుకు గారణమని వైద్యు లనలేదు. మరను బరిశీలించిరి. నాటి మర బియ్యమునుండి సారమును దీసివేసెను. నేటి మర సారమును దీసివేయుటతో దృప్తిపడక, ఆ లేమిని గప్పిపుచ్చు రుచిని జేర్చుచున్నది. విచారణ మాత్ర మానా డెట్లు జరిగెనో యీనాడు నట్లే జరుగవలెను.

ఇచ్చట రెండు ప్రతివాదములు వినవచ్చుచున్నవి. ఎవని నోరు వాని యధీనము. తినుమని యెవరు నిర్బంధించిరి యనునది మొదటిది. స్వేచ్ఛ యను మాట మాకును బ్రియమైనదే. కాని స్వేచ్ఛకు జ్ఞాన మాధారము. పొట్లము ముందువైపున పండ్ల బొమ్మ, వెనుక నావగింజంత యక్షరములలో జక్కెర లెక్క యున్నప్పుడు, కొనువాడు కన్నులు గట్టుకొని యేఱుకొనుచున్నాడు. ఐదేండ్ల బిడ్డకు స్వేచ్ఛ యేమి? తన కిష్టమైన బొమ్మ పొట్లముపై నున్నందున వాడు చేయి చాచును. పెద్దలు గూడ బెథెస్డాలో దమకు దెలియకయే హెచ్చుగ దినిరి. మన యిండ్లలో నరిసెలు, జంతికలు, సున్నుండలు లేవా, వానిలో నెయ్యి, బెల్లము, ఉప్పు లేవా యనునది రెండవది. ఉన్నవి, హెచ్చుగ దినినచో నవియు జేటే. ఊఱగాయ యుప్పును గుఱించియు మనము జాగ్రత్తపడవలసినదే. అయితే యరిసెలు వండుటకు బియ్యము నానబెట్టవలెను, దంచవలెను, పాకము పట్టవలెను, నలుగు రాడువారు చేరవలెను. ఆ శ్రమయు, ఆ పండుగయు దానికి హద్దులు. హద్దును జెరపి, ప్రతి దినమును బండుగ చేసి, శ్రమను జేతినుండి తొలగించుటయే కర్మాగారాహారపు విశేషము.

ఈ పరిశ్రమ రైతునకు మేలుచేయుననియు, ఉద్యోగముల నిచ్చుననియు నందురు. పూర్తిగ నసత్యము కాదు. కాని భూస్వాములు తమ లెక్క తాము వేసికొనవలెను. పదిరూపాయల చిప్సు పొట్లమున నిరువది యిరువదియైదు గ్రాములుండును. అనగా కిలోగ్రాము నాలుగు వందల రూపాయలకు దక్కువ కాదు. దానికి వలసిన మూడు నాలుగు కిలోల బంగాళాదుంపకు మిక్కిలి ప్రియమైన కాలమున గూడ రైతునకు నందు సగము ముట్టదు. మిగిలినది నూనెకు, పొట్లమునకు, ప్రకటనకు, లాభమునకు బోవును. ఆ నూనెలో బెద్దభాగము పామాయిలు. ప్రపంచమున దానిని మిక్కిలి హెచ్చుగ దిగుమతి చేసికొను దేశము మనదే. స్వదేశీ యను పేరు చెప్పియు నీ వ్యాపారమును సమర్థించువారున్నారు. పొట్లములమ్ము కంపెనీలలో విదేశీయములును గలవు, స్వదేశీయములును గలవు. లాభమును బొందువాడు మనవాడైనంతమాత్రమున మధుమేహము తక్కువ కాదు. స్వదేశీ యనగా దేశప్రజల బలమును రక్షించునది గాని, దేశప్రజల బలహీనతపై వర్తకము చేయునది కాదు.

ఏమి చేయవలెనో తెలియక కాదు. చిలీ దేశమున 2016 జూనునుండి, చక్కెర, ఉప్పు, చెడుకొవ్వు, కెలోరీలు మితిమీఱిన ప్రతి పొట్లముపై నల్లని యష్టకోణముద్ర తప్పనిసరి. ముద్ర గలవానిని బడులలో నమ్మరాదు. వానిపై బిల్లల నాకర్షించు బొమ్మ లుండరాదు. మొదటి దశ తరువాత ముద్రకు దగిన పానీయముల కొనుగోలు నూటికి సుమారు 24 వంతులు తగ్గినట్లు పరిశోధకులు లెక్కించిరి. మెక్సికో 2020లో నా మార్గమునే యవలంబించినది. మన యాహారభద్రతా ప్రమాణాలసంస్థ 2022 సెప్టెంబరులో బ్రకటించిన ముసాయిదాలో ముద్రకు మాఱుగ నక్షత్రముల నిచ్చు పద్ధతిని బ్రతిపాదించెను. ఇందు జక్కెరకు దగ్గు మార్కులు, పీచు, పప్పులు, పండ్లవలన గొంత భర్తీ యగును. అర నక్షత్రము వచ్చిన సరకు గూడ నక్షత్రము గలదిగనే కనబడును. ప్రమాదమున్నచోట ప్రమాదమని వ్రాయవలెను గాని, తక్కువ తరగతి బహుమాన మీయరాదు. 2025 ఏప్రిలు 9వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, నిపుణుల సంఘము మూడు నెలలలో దన సిఫారసుల నీయవలెనని యాదేశించెను. ఆ సంవత్సర మంతమైనను పొట్లము ముఖముపై నేముద్రయు రాలేదు.

శాసనము చేతగాదనుట యబద్ధము. శిశువుల డబ్బాపాలను బ్రకటనలద్వారా నమ్మరాదని 1992లో మన పార్లమెంటే చట్టము చేసినది. తల్లిపాల స్థానమును వర్తక మాక్రమింపగూడదని యానాడు నిర్ణయించిన దేశము, రెండేండ్లు దాటిన బిడ్డను బ్రకటనల పాలుచేయుట న్యాయమా? చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీఱిన తిండిని బడిలోను, బడికి 50 మీటర్ల దూరములోపలను అమ్మరాదని 2020లో నిబంధనలు వచ్చినవి. అవి యెట్లమలగుచున్నవో తెలిసికొనుటకు విరామసమయమున బడిగేటు ముందఱ నిలిచి చూచిన జాలును.

కావున మేము కోరునవి నాలుగు. పొట్లము ముందువైపున జదువురానివానికి గూడ దెలియు హెచ్చరికముద్ర యుండవలెను, నక్షత్రములు వలదు. పిల్లలను గుఱిపెట్టు ప్రకటనలను నిషేధింపవలెను. 2025 సెప్టెంబరులో దగ్గించిన పన్నును ముద్రకు దగిన సరకుల విషయమున మరల హెచ్చించి, ఆ సొమ్మును పప్పులు, చిరుధాన్యములు, కాయగూరలు చౌకయగుటకు వినియోగింపవలెను. బడుల నిబంధనను జిల్లాధికారు లమలుజరుపవలెను. ఈ తుదివిషయమున బ్రభుత్వముకొఱకు వేచియుండ నక్కఱలేదు. గ్రామమున భూస్వామి మాటకు, పట్టణమున విద్యావంతుని మాటకు నింకను విలువ గలదు. బడి నిర్వాహకసంఘమునందు వారు కూర్చుండి, గేటు ముందఱి కొట్టున నుడికించిన సెనగలు, వేరుసెనగ, అరటిపండు అమ్మించవచ్చును. ఇంటికి వచ్చిన చుట్టమునకు సీసా పానీయము మాని మజ్జిగ యీయవచ్చును. ఇవి చిన్నపనులే, వీనితో దేశపు వ్యాధి కుదురదు. కాని తమ బడిగేటును దాము చక్కబెట్టుకొన్న యూళ్లవారు హెచ్చరికముద్ర యేదియని యడిగినప్పుడు, శాసనసభ్యుడును, పార్లమెంటు సభ్యుడును సమాధానము చెప్పక తప్పించుకొనలేడు. రాబోవు సభలలో నా ప్రశ్న మన జిల్లాలనుండియే మొదట వినబడవలెనని మా కోరిక.